గ్యారేజ్‌ని కూచిపూడి స్టూడియోగా మార్చడానికి ఇంగ్లండ్‌లో ప్లానింగ్ పర్మిషన్: నా అనుభవం

ఇంగ్లండ్‌లో మా ఇంటికి ఆనుకుని ఒక డబుల్ గ్యారేజ్ ఉంది. దాన్ని పిల్లలకు కూచిపూడి నేర్పే స్టూడియోగా మార్చుకుందామని 2024 జనవరిలో ఆరా తీయడం మొదలుపెట్టాను. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇచ్చే ప్లానింగ్ పర్మిషన్ చేతికొచ్చింది ఆ ఏడాది ఆగస్టు 7న. పిల్లలు అందులో మొదటిసారి అడుగుపెట్టింది 2025 మార్చి 1, శనివారం. మధ్యలో ఏం జరిగింది, ఎక్కడ ఎన్ని వారాలు ఆగాల్సి వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఇక్కడి మన టీచర్లు అడుగుతూనే ఉన్నారు. వీణ, గాత్రం, మృదంగం ఇంట్లో నేర్పేవాళ్ళు ఊరికొకరు ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

అప్పటిదాకా క్లాసులు ఒక కమ్యూనిటీ హాల్లో జరిగేవి. గంటకు 18 పౌండ్లు. డబ్బు సంగతి అటుంచితే, ఆ హాలు మన చేతిలో ఉండదు. ఎవరిదో పుట్టినరోజు పార్టీ అంటే మనం జరగాలి. ఎన్నికలొస్తే అది పోలింగ్ స్టేషన్. 2024 మే 2న కౌన్సిల్ ఎన్నికలకు, జూలై 4న పార్లమెంటు ఎన్నికలకు రెండుసార్లూ గురువారం క్లాసు పోయింది. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ నేల. కాంక్రీటు మీద పల్చటి వినైల్ పరిచారు. ఎనిమిదేళ్ళ పిల్లలు దాని మీద గంటసేపు అడవులు (పాదాలు నేలకు కొడుతూ వేసే నాట్యపు అడుగులు) వేసి, ఇంటికెళ్ళి మోకాళ్ళు పట్టుకుంటుంటే చూడలేకపోయాను. నాకు కావలసింది కింద కర్ర ఉన్న నేల.

"గ్యారేజ్ మార్చుకోవడానికి ఇక్కడ పర్మిషనే అక్కర్లేదు కదా అక్కా?" అని తెలిసినవాళ్ళు చాలామంది అన్నారు. చాలా ఇళ్ళ విషయంలో అది నిజమే. ఇంటి గ్యారేజ్‌ని లోపల గదిగా మార్చుకుంటే, బయటి ఆకారం పెద్దగా మారకపోతే, మామూలుగా ప్లానింగ్ దరఖాస్తు అవసరం రాదు. నాకు మాత్రం రెండు చోట్ల అడ్డం పడింది.

మొదటిది మా కాలనీ కట్టినప్పటి పర్మిషన్. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పాత దరఖాస్తుల్లో వెతికితే మా కాలనీ అంతటికీ 1990లలో ఇచ్చిన డెసిషన్ నోటీస్ (కౌన్సిల్ నిర్ణయ పత్రం) స్కాన్ కాపీ దొరికింది. చివరి పేజీలో ఒక షరతు: గ్యారేజ్‌లను వాహనాలు పెట్టుకోవడానికి మాత్రమే వాడాలి, మరో పనికి మార్చకూడదు. కాలనీలో చాలామంది గ్యారేజ్‌లలో ఇప్పుడు ఉన్నవి ఫ్రీజర్లు, సైకిళ్ళు, పాత సోఫాలు. అయినా కాగితం మీద ఆ షరతు ఇప్పటికీ బతికే ఉంది. మీది కాలనీ ఇల్లయితే అన్నిటికంటే ముందు ఈ కాగితం వెతకండి.

రెండోది, బయటి పిల్లలు వచ్చి వెళ్ళడం. వారానికి ఇద్దరు ముగ్గురు వచ్చి వీణ నేర్చుకుంటే కౌన్సిల్ దాన్ని ఇంటి వాడకంలో భాగంగానే చూస్తుంది. గుంపులుగా పిల్లలు, వాళ్ళ కార్లు, గజ్జెలు, నట్టువాంగం (చేతి తాళాలు కొడుతూ లయ చెప్పడం) అంటే అది ఇంటి స్వభావాన్నే మార్చడం అవుతుంది. ఇంతమంది దాటితే పర్మిషన్ కావాలి అని చట్టంలో లెక్కేమీ లేదు. ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు, ఎంత చప్పుడు అనేది చూసి ఏ ఇంటికి ఆ ఇంటిగా తేలుస్తారు. కాబట్టి నాది మామూలు ఇంటిమార్పుల దరఖాస్తు కాలేదు, వాడకం మార్పుకి పెట్టే ఫుల్ అప్లికేషన్ అయింది. ఫీజు అప్పట్లో 578 పౌండ్లు. ఇంటిమార్పుల దరఖాస్తయితే 258తో పోయేది. ఈ రేట్లు 2023 డిసెంబరు 6 నుంచి 2025 మార్చి దాకా ఉన్నవి. ఏప్రిల్ నుంచి మళ్ళీ పెరిగాయి, ఇప్పుడు పెట్టేవాళ్ళు కొత్త రేటు చూసుకోండి. ఆన్‌లైన్ పోర్టల్ సర్వీస్ చార్జీ దీనికి అదనం.

ఫిబ్రవరిలో ముందస్తు సలహా కోసం కౌన్సిల్‌కి 180 పౌండ్లు కట్టాను. ఈ రేటు ఒక్కో కౌన్సిల్‌ది ఒక్కోలా ఉంటుంది. ఐదు వారాలకు రెండు పేజీల ఉత్తరం వచ్చింది. "సూత్రప్రాయంగా అభ్యంతరం లేదు, శబ్దం, పార్కింగ్ ఎలా సర్దుతారో చూపాలి" అన్నదే అందులో సారం. ఇంత మాటకి ఇంత డబ్బా అని మా వారు అన్నారు గానీ, నాకు మాత్రం ఆ రెండు పదాలే దారి చూపించాయి. అప్పటిదాకా నా బుర్రంతా గోడలు, కిటికీలు, నేల మీదే ఉంది. వాళ్ళకు కావలసింది సాయంత్రం ఐదింటికి మా వీధి ఎలా ఉంటుంది, పక్కింటి పడకగదిలోకి ఏం వినబడుతుంది అన్నవే.

అందుకే డ్రాయింగుల కంటే ముందు పక్కింటికి వెళ్ళాను. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, వారంలో మూడు నాలుగు రాత్రులు డ్యూటీ. మా గ్యారేజ్ గోడకీ ఆవిడ పడకగదికీ మధ్య ఒక మనిషి నడిచేంత దారే ఉంది. చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆవిడ టీ ఇచ్చి, చాలా నెమ్మదిగా అన్న మాట ఇది: "మీ పిల్లల మీద నాకేం కోపం లేదు. నాలుగున్నర వరకు నిద్రపోకపోతే నేను రాత్రి పేషెంట్లకి మందులు సరిగ్గా ఇవ్వలేను."

ఆ మాట విన్నాక నాకు వాదించాలనిపించలేదు. ఒక శనివారం ఇద్దరు పెద్ద పిల్లలకు గజ్జెలు కట్టించి ఖాళీ గ్యారేజ్‌లో ఒక జతిని (లయ పదాల వరసని) ఆడించాను. నేను నట్టువాంగం పట్టాను. ఆవిడ తన పడకగదిలో కూర్చుని ఫోన్‌లో లైన్‌లో ఉంది. పాదాల చప్పుడు ఆవిడకు వినబడలేదట. తాళం మాత్రం ప్రతి దెబ్బా వినబడింది, చెవి పక్కనే కొట్టినట్టు. ఇనప రేకు తలుపు గుండా వస్తోంది ఆ శబ్దం. మా ఇంట్లో పరిస్థితి దానికి తలకిందులు: తాళం సన్నగా వినిపిస్తుంది, పాదాలు మాత్రం సోఫా కిందే తడుతున్నట్టుంటాయి. గట్టి కాంక్రీటు నేల మొత్తం కదలికని ఇంట్లోకి మోసుకొస్తోంది. అంటే రెండు శబ్దాలకు రెండు దారులు, రెండు మందులు కావాలి. తర్వాత వచ్చిన శబ్దాల నిపుణుడు పరికరాలు పెట్టి తేల్చింది కూడా ఇదే.

ఆయన రిపోర్టుకి 840 పౌండ్లు. కంచె దగ్గర మైక్రోఫోన్ నిలబెట్టి మామూలు సాయంత్రం ఎంత చప్పుడుందో ఒక గంట కొలిచారు. ఆ తర్వాత లోపల ఆరుగురు పిల్లల్ని ఆడించమన్నారు. "మీరు చేయగలిగినంత గట్టిగా చేయండి, తగ్గించి చూపిస్తే తర్వాత మీకే ఇబ్బంది" అన్నారు. మంచి సలహా. ఆయన చెప్పిన మార్పులు: రేకు తలుపు తీసేసి ఇటుక గోడ కట్టాలి. ఒంటి ఇటుక గోడల లోపల వాటిని తాకకుండా ఇంకో ఫ్రేము నిలబెట్టి, మధ్యలో మినరల్ ఊల్ కుక్కి, బరువైన ప్లాస్టర్‌బోర్డ్ రెండు పొరలు వేయాలి. నేల రబ్బరు మెత్తల మీద తేలాలి. కిటికీలు మూసి ఉంచాలి కాబట్టి గాలి కోసం యంత్రం పెట్టాలి.

డ్రాయింగులు గీసినాయన 650 తీసుకున్నారు. దరఖాస్తులో 1:1250 స్కేల్ లొకేషన్ ప్లాన్ ఒకటి ఉండాలి. అది ఆర్డినెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాప్ సంస్థ) మ్యాప్ మీద, లైసెన్స్ ఉన్నచోట కొన్నదై ఉండాలి. గూగుల్ మ్యాప్ ప్రింట్ చెల్లదు. పాతిక పౌండ్లు. దాని మీద మన స్థలం చుట్టూ ఎర్ర గీత గీయాలి. ఈ ఎర్ర గీతే మాకు నాలుగు వారాలు తినేసింది.

ఏప్రిల్ 22న దరఖాస్తు పంపాం. వారం తర్వాత "ఇన్‌వాలిడ్" అని మెయిల్ వచ్చింది. గుండె జారిపోయింది, తిరస్కరించేశారేమో అనుకున్నాను. అది తిరస్కారం కాదు. కాగితాలు సరిపోలేదు, లెక్కలోకి తీసుకోలేం అని దాని అర్థం. కారణం ఏమిటంటే, ఎర్ర గీత పబ్లిక్ రోడ్డుని తాకాలట. మా ఇంటికీ రోడ్డుకీ మధ్య ఐదు ఇళ్ళకు ఉమ్మడిగా ఉన్న ప్రైవేట్ దారి ఉంది. గీత దాని మీదుగా వెళ్తే ఆ నేల మాది కాదు కాబట్టి, యజమానులందరికీ అధికారికంగా నోటీసులిచ్చి, సర్టిఫికెట్ ఎ (స్థలమంతా మాదే అనేది) బదులు సర్టిఫికెట్ బి (వేరేవాళ్ళదీ ఉంది, వాళ్ళకు చెప్పాం అనేది) పెట్టాలి. ఎవరు యజమానులో తెలియాలంటే ల్యాండ్ రిజిస్ట్రీలో (ఇళ్ళ, స్థలాల యాజమాన్యం నమోదు చేసే ఆఫీసులో) ఒక్కో ఇంటి కాగితం తీయాలి, అప్పట్లో ఒక్కోటి 3 పౌండ్లు (2024 డిసెంబరు నుంచి 7). ఒక ఇల్లు అద్దెకిచ్చి యజమాని ఎక్కడో ఉంటున్నారు. ఆ అడ్రసుకి రిజిస్టర్డ్ పోస్ట్ పంపాం.

అదే రిజిస్ట్రీ కాగితం మా ఇంటిది చదివితే మరో సంగతి బయటపడింది. ఇల్లు అమ్మినప్పుడు కట్టినవాళ్ళు రాసిన ఒప్పందం: ఈ ఇంట్లో వ్యాపారం, వృత్తి ఏదీ నడపకూడదు. దీనికీ కౌన్సిల్‌కీ సంబంధం లేదు. కౌన్సిల్ సరేనన్నా ఇది పోదు. కట్టిన కంపెనీకి ఉత్తరం రాసి, 150 పౌండ్లు కట్టి, అనుమతి పత్రం తెచ్చుకున్నాం. ఇంటి లోన్ ఇచ్చిన బ్యాంకుకి, ఇన్సూరెన్స్‌కి కూడా ముందే చెప్పి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. మా ఇన్సూరెన్స్ ప్రీమియం కాస్త పెరిగింది, పబ్లిక్ లయబిలిటీ (వచ్చినవాళ్ళకు ఏదైనా జరిగితే ఆదుకునే బీమా) వేరుగా తీసుకున్నాం.

ఫారంలో ఇంకో ప్రశ్న చూసి కాసేపు అర్థం కాలేదు. ఈ నిర్మాణం వల్ల ప్రకృతికి, జీవజాలానికి పది శాతం మేలు ఎలా జరుగుతుందో చెప్పండి అని. 2024 ఏప్రిల్ 2 నుంచి చిన్న స్థలాలకు కూడా ఈ నిబంధన వచ్చింది. ఇంటిమార్పుల దరఖాస్తులకు మినహాయింపు ఉంది. నాది ఆ కోవలోది కాదు కాబట్టి, పచ్చదనం ఏమీ పోవడం లేదు, ఉన్నదంతా సిమెంటు, రాళ్ళు పరిచిన నేలే అని వేరుగా రాసి మినహాయింపు అడగాల్సి వచ్చింది. రాసిన నాలుగు వాక్యాలకే ఒప్పుకున్నారు.

మే 20న దరఖాస్తు వాలిడ్ అయింది. అక్కడి నుంచి ఎనిమిది వారాలు, అంటే జూలై 15 లోపు నిర్ణయం చెప్పాలి. ఇరుగుపొరుగు ఇళ్ళకు కౌన్సిల్ ఉత్తరాలు పంపింది. 21 రోజుల్లో ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు.

ఆ 21 రోజులే మొత్తంలో కష్టమైనవి. ఎవరేం రాసినా వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. పొద్దున లేవగానే ఫోన్ తీసి అదే చూసేదాన్ని. మొదట వచ్చింది అభ్యంతరమే. మా దారి చివరింటివాళ్ళు రాశారు: కార్లు అడ్డంగా ఆగుతాయి, మా పిల్లలు సైకిళ్ళు తొక్కలేరు అని. అది న్యాయమైన భయం. తర్వాత వచ్చిన ఇంకో ఉత్తరంలో ఇలాంటి కార్యకలాపం "మన వీధి స్వభావానికి సరిపోదు" అని ఉంది. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే మనిషి రాసింది అది. పదకొండేళ్ళుగా అదే వీధిలో ఉంటున్నాం. ఆ రోజు క్లాసులో నాకు జతి చెప్పడానికి గొంతు రాలేదు.

నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లులు వెంటనే మద్దతుగా రాస్తామన్నారు. "అక్కా, మా వాట్సాప్ గ్రూపులో అందరం ఒకటే లెటర్ పెడదామా?" అని ఒకావిడ అడిగింది. వద్దన్నాను. ఒకే ఉత్తరం వందసార్లు పెట్టినా దరఖాస్తు చూసే కౌన్సిల్ ఆఫీసర్‌కి అది ఒక అంశమే. ఎవరికి వాళ్ళు ఎలా వస్తారో రాయమన్నాను: నడిచి వస్తామా, కారులో వచ్చి దింపి వెళ్ళిపోతామా, ఇద్దరు పిల్లల్ని ఒకే కారులో తెస్తామా. అలా రాసిన ఉత్తరాలను ఆఫీసర్ రిపోర్టులో ప్రస్తావించారు కూడా. "మంచి టీచర్, మన సంస్కృతి" అని రాసినవాటికి నా మనసులో విలువుంది గానీ ప్లానింగ్ తూకంలో అవి పెద్దగా నిలబడలేదు. ఇళ్ళ ధర పడిపోతుందని ఒకరు రాశారు, దాన్నీ లెక్కలోకి తీసుకోలేదు.

నర్సుగారు కూడా రాశారు. అభ్యంతరమూ కాదు, మద్దతూ కాదు. "రేకు తలుపు స్థానంలో గోడ కట్టి, మామూలు రోజుల్లో ఐదింటికి ముందు క్లాసు పెట్టకపోతే నాకు అభ్యంతరం లేదు" అని రెండు లైన్లు. ఎనిమిది నెలల ఈ తతంగంలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన కాగితం అదే.

జూన్ మధ్యలో కేస్ ఆఫీసర్ చూడటానికి వచ్చారు. చాలా చిన్న వయసు అమ్మాయి, లేజర్ కొలత పరికరం చేతిలో ఉంది. ఇరవై నిమిషాలు ఉండి ఉంటుంది. కాఫీ ఇస్తానంటే వద్దంది, అది వాళ్ళ పద్ధతట. గ్యారేజ్ లోపలి కొలత తీసుకుంది: వెడల్పు 5.1 మీటర్లు, పొడవు 5.2. అప్పుడు నాకా కొలత ఎందుకో తెలియలేదు.

వారం తర్వాత రోడ్లు, పార్కింగ్ చూసే హైవేస్ విభాగం అభిప్రాయం వెబ్‌సైట్‌లో కనిపించింది: రెండు పార్కింగ్ స్థలాలు పోతున్నాయి, కాబట్టి అభ్యంతరం. వీళ్ళు వద్దంటే ఆఫీసర్ ఒప్పుకోవడం కష్టమని అందరూ అన్నారు. మూడు రోజులు నిద్ర లేదు. మా వారు కౌన్సిల్ పార్కింగ్ నిబంధనల పత్రం మొత్తం కూర్చుని చదివారు. అందులో ఒక పట్టిక ఉంది. డబుల్ గ్యారేజ్ లోపల 6 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉంటేనే దాన్ని రెండు పార్కింగ్ స్థలాలుగా లెక్కపెట్టాలట. మాది 5.1. అంటే వాళ్ళ లెక్క ప్రకారమే అది పార్కింగ్ కానే కాదు! నిజానికి ఇప్పటి కార్లు రెండు పక్కపక్కన పెడితే తలుపు తెరుచుకుని దిగలేం. ఆ పేజీ నంబరు, మా కొలత కలిపి మెయిల్ పంపాం. దాంతోపాటు సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర మధ్య వీధిలో ఎన్ని కార్లు ఆగి ఉంటున్నాయో టైముతో ఫోటోలు తీసి పట్టిక చేశాం. ఇంటి ముందు ఇంకో కారు పట్టేలా నీళ్ళు ఇంకే రాళ్ళు పరుస్తామని కూడా రాశాం. పది రోజుల్లో అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. మీ గ్యారేజ్ కొలత టేపుతో ఇవాళే తీసి చూసుకోండి.

జూలై 9న ఆఫీసర్ మెయిల్ చేసింది. గడువు ఆగస్టు 9 వరకు పొడిగించడానికి ఒప్పుకుంటారా అని. ఒప్పుకోకపోతే ఉన్న సమాచారంతో నిర్ణయం చెప్పేస్తారు, అది కాదనే కావచ్చు. వెనక్కి తీసుకుని మళ్ళీ పెడదామంటే మునుపు రెండోసారి ఫీజు ఉండేది కాదు, 2023 డిసెంబరు నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. మళ్ళీ 578 కట్టాలి. ఒప్పుకున్నాం.

జూలై చివర్లో ఆమె ఫోన్ చేసి, ఏడాదికి తాత్కాలిక పర్మిషన్ ఇచ్చి చూద్దామనుకుంటున్నాం అంది. ఇబ్బంది లేకపోతే తర్వాత పొడిగించుకోవచ్చట. నాకు కళ్ళు తిరిగినంత పనైంది. గోడలు, తేలే నేల, గాలి యంత్రం కలిపి ఇరవై వేలకు పైగా పెట్టాలి. ఏడాది తర్వాత వద్దంటే అదంతా ఏం చేసుకోవాలి? ఆ రాత్రే ఉత్తరం రాశాను. శబ్దం రాకుండా చేయమని మీరే అడుగుతున్నారు, దానికి అయ్యే ఖర్చు ఇది, ఏడాది కోసం ఏ కుటుంబమూ ఇంత పెట్టలేదు, పెట్టకపోతే పొరుగువాళ్ళకే నష్టం, కాబట్టి తాత్కాలికం బదులు పిల్లల సంఖ్యకూ, వేళలకూ గట్టి షరతులు పెట్టండి, వాటికి నేను కట్టుబడతాను అని. కొటేషన్ జతచేశాను, నర్సుగారి రెండు లైన్లు మళ్ళీ చూపించాను.

ఆగస్టు 7న డెసిషన్ నోటీస్ వచ్చింది. శాశ్వత పర్మిషన్. చదువుతూ చదువుతూ ఏడ్చేశాను, మా వారు లోపలి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చారు.

షరతులు ఇవి. ఒకసారికి ఆరుగురికి మించకూడదు. ఒక క్లాసుకీ మరో క్లాసుకీ మధ్య పదిహేను నిమిషాలు ఖాళీ ఉండాలి, వచ్చే కార్లూ వెళ్ళే కార్లూ ఎదురుపడకుండా. సోమ, బుధ, గురువారాలు సాయంత్రం 5 నుంచి 7:30, శనివారం ఉదయం 10 నుంచి 1. ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు లేవు. క్లాసు జరుగుతుండగా తలుపులు, కిటికీలు మూసి ఉండాలి. పని మొదలుపెట్టకముందే శబ్ద నిరోధక వివరాలు కౌన్సిల్‌కి పంపి ఆమోదం పొందాలి. పర్మిషన్ నా పేరు మీద మాత్రమే, ఇల్లు అమ్మితే కొన్నవాళ్ళకు రాదు, అక్కడితో ముగిసిపోతుంది.

ఈ చివరిది తేలికగా తీసుకోవద్దు. వేసవిలో నేను మచిలీపట్నం వెళ్ళినప్పుడు నా సీనియర్ శిష్యురాలు ఆ స్టూడియోలో క్లాసు నడపడానికి వీల్లేదు. దసరా, ఉగాది కార్యక్రమాల ముందు ఆదివారం రిహార్సల్స్‌కి ఇప్పటికీ హాలు అద్దెకు తీసుకుంటున్నాను. నచ్చని షరతు మీద అప్పీలు చేసుకోవడానికి ఆరు నెలల టైముంది. కానీ అప్పీలుకి వెళ్తే పై అధికారి ఇంకో షరతు మారుస్తారేమో అని భయపడి ఊరుకున్నాను. దక్కినదాన్ని కాపాడుకోవడమే నాకు మంచిదనిపించింది.

శబ్దం షరతుకి సెప్టెంబరు 2న వేరే దరఖాస్తు, 145 పౌండ్లు. అక్టోబరు 14న ఆమోదం వచ్చింది. పర్మిషన్ వచ్చిందని అప్పటికే సగం మంది తల్లులు అభినందనలు చెప్పి, దసరాకి కొత్త స్టూడియోలోనే పూజ అనుకున్నారు. ఆ షరతు తీరకుండా ఒక్క ఇటుక పెట్టినా పర్మిషనే ప్రమాదంలో పడొచ్చు. ఆ ఏడాది విజయదశమి పూజ హాల్లోనే చేసుకున్నాం.

తర్వాత బిల్డింగ్ కంట్రోల్. కట్టడం గట్టిగా, భద్రంగా ఉందా అని చూసేది ఇది, ప్లానింగ్‌తో సంబంధం లేని మరో అనుమతి. నోటీసుకి, తనిఖీలకి కలిపి 520. ఇన్‌స్పెక్టర్ మొదట అడిగింది రేకు తలుపు ఉన్నచోట నేల కింద పునాది ఉందా అని. తవ్వి చూపించమన్నారు. లేదు, అక్కడ పల్చటి స్లాబే ఉంది. కొత్త గోడ కోసం కందకం తీసి కాంక్రీటు పోయాల్సి వచ్చింది, కొటేషన్‌లో లేని 900 పౌండ్లు. తేమ ఆపే షీటు వేశాక ఒకసారి, ఇన్సులేషన్ పెట్టాక ఒకసారి చూశారు. ఆ రెండూ మూసేయకముందే ఫోన్ చేసి పిలవాలి.

నేల గురించి కాస్త చెప్పాలి. మా గ్యారేజ్ నేల ఇంటి నేల కంటే ఒక మెట్టు కిందికి ఉంటుంది. ఆ మెట్టు లోతు మాకు వరమైంది. షీటు, ఇన్సులేషన్, రబ్బరు మెత్తలు, చెక్క ఫ్రేము, ప్లైవుడ్, పైన చెక్క పలకలు, ఇవన్నీ వేశాక పైభాగం సరిగ్గా ఇంటి నేలతో కలిసింది. మేస్త్రీ ప్లైవుడ్ వేసిన సాయంత్రం నేను చెప్పులు విప్పి ఒక్కదాన్నే తట్టడవు వేసి చూశాను. పాదం దిగినప్పుడు నేల చిటికెడంత లోపలికి వెళ్ళి తిరిగొచ్చింది. హాల్లో ఇన్నేళ్ళూ మడమ దగ్గర తగిలిన ఆ దెబ్బ లేదు. పక్కగదిలో మా వారిని ఏమైనా వినబడిందా అని అడిగితే, మొదలుపెట్టావా అన్నారు.

ఖర్చు కలిపి చెప్తాను. సలహా, డ్రాయింగులు, మ్యాప్, ఫీజు, శబ్దం రిపోర్టు, ఒప్పందం అనుమతి, షరతు దరఖాస్తు, బిల్డింగ్ కంట్రోల్ అన్నీ కలిపి కాగితాలకే మూడు వేల పౌండ్ల పైచిలుకు. పనికి, ఆ పునాదితో కలిపి, 21,400. పనికి మూడు నెలలు పట్టింది. పని నిబంధనల ప్రకారం పూర్తయిందని బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. దాన్ని భద్రంగా దాచండి, ఇల్లు అమ్మేటప్పుడు లాయరు మొదట అడిగేది అదే.

ఇక మిగిలింది పన్ను. ఇంట్లో ఒక భాగాన్ని పూర్తిగా వృత్తికి వాడితే దానికి బిజినెస్ రేట్స్ (వ్యాపార స్థలాల మీద పన్ను) వేయొచ్చు. రేటబుల్ విలువ (ఈ పన్ను కోసం ఆ స్థలానికి కట్టే విలువ) 12,000 పౌండ్ల లోపుంటే, మనకు అదొక్కటే వ్యాపార స్థలమైతే, చిన్న వ్యాపారాల రాయితీ కింద ఏమీ కట్టక్కర్లేదు, కానీ ఆ రాయితీ మనం అడగాలి, దానంతటది రాదు. ఇల్లు అమ్మితే ఆ భాగం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను రావచ్చని అకౌంటెంట్ చెప్పారు. స్టూడియోని ఇంట్లోవాళ్ళం కూడా వాడుకుంటే పరిస్థితి మారుతుందట. శుక్రవారం సాయంత్రాలు మా అబ్బాయి అందులో టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాడు. విలువ కట్టే ఆఫీసుకి ఫారం నింపి పంపాను, వాళ్ళు వచ్చి చూసి చెప్తామన్నారు.